మాట తప్పితే ఏమవుతుంది? ఒక నవలకు ఆట నియమాలు ఎంచుకున్న నా అనుభవం

మొదటి ప్రయోగ ఆటలో ఉత్తరాలు మోసే అమ్మాయి వంతెన కాపలావాణ్ణి చంపేసింది. ఆ పాత్రను ఆడిన మిత్రుణ్ణి తప్పుపట్టడానికి లేదు. అతని ముందున్న కాగితంలో కత్తికి ఒక గడి ఉంది. దెబ్బకు ఎన్ని పాయింట్లు పోతాయో దాని పక్కనే రాసి ఉంది. కాపలావాడికి ఇంకా ఎన్ని పాయింట్లు మిగిలాయో బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. కాగితం ఏం చేయమందో అతను అదే చేశాడు. నవలల్లో మాత్రం మూడు సంపుటాల పొడవునా ఆ అమ్మాయి ఎవరి మీదా కత్తి ఎత్తదు. అదే వంతెన దగ్గర, అదే కాపలావాడికి, "తిరిగి వచ్చేటప్పుడు నీ కొడుకు కబురు తెస్తాను" అని మాట ఇచ్చి దాటుతుంది. రెండో సంపుటం మొత్తాన్ని ఆ మాటే నడిపిస్తుంది.

ఆ రాత్రి నా నోటుపుస్తకంలో ఒక్క వాక్యమే రాసుకున్నాను: ఈ ఆట ఆ పుస్తకాన్ని చదవలేదు.

నా పని టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలకు నియమాలు రాయడం. ఈ ఆటలు ఎరగని వాళ్ల కోసం కొంచెం చెబుతాను. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రను తీసుకుని, మాటలతోనే కథను ముందుకు నడుపుతారు. మిగతా లోకాన్ని, అందులోని మిగతా మనుషులను గేమ్ మాస్టర్ నడుపుతారు. ఒక పని జరుగుతుందో లేదో తేలని చోట పాచికలు వేస్తారు. పాచికలు ఎప్పుడు వేయాలి, ఎన్ని వేయాలి, పడిన అంకెకు అర్థం ఏమిటి, ఓడిపోతే ఏమవుతుంది అన్నవన్నీ కలిపితే ఒక నియమావళి అవుతుంది. మేం దాన్ని సిస్టమ్ అంటాం. ఉన్న సిస్టమ్‌ను తీసుకుని కొత్త లోకానికి తగ్గట్టు సరిచేసుకోవచ్చు, లేదా మొదటి నుంచీ సొంతంగా రాసుకోవచ్చు.

మా చిన్న ప్రచురణ సంస్థకు ఒక నవలల వరుసను ఆటగా తెచ్చే లైసెన్సు దొరికింది. ఒప్పందం ఇంకా నడుస్తోంది కనుక నవలల పేరు చెప్పను. కథ మాత్రం కొంత చెప్పక తప్పదు. చాలా ఏళ్లుగా యుద్ధంలో ఉన్న రెండు రాజ్యాలు. వాటి సరిహద్దులు దాటి ఉత్తరాలు మోసే ఒక చిన్న బృందం. వాళ్లకు సైన్యం లేదు, మంత్రాలు లేవు. ఉన్నదల్లా ఇచ్చిన మాట. కాపలావాళ్లు, పడవలు నడిపేవాళ్లు, వైద్యులు, పారిపోయి వచ్చిన సైనికులు, అందరూ వాళ్లను నమ్మేది ఆ మాట మీదే. మాట నిలబెట్టుకుంటే తలుపులు తెరుచుకుంటాయి. తప్పితే ఊళ్లకు ఊళ్లే మూసుకుపోతాయి. ఈ లోకానికి ఏ సిస్టమ్ సరిపోతుందో తేల్చి, కారణాలు రాసి హక్కుదారులకు పంపడానికి నాకు పది వారాల గడువు ఇచ్చారు.

సొంత లోకానికి ఆట రాయడం వేరు, లైసెన్సు మీద రాయడం వేరు. లైసెన్సు ఆటలో లోకం మనది కాదు, అద్దెకు తెచ్చుకున్నది. దానికి గడువు ఉంటుంది. అమ్మిన ప్రతి పుస్తకం మీద రాయల్టీ కట్టాలి. రూపురేఖల దశలో ఒకసారి, రాతప్రతి దశలో ఒకసారి, బొమ్మలు వేశాక మరోసారి హక్కుదారుల ఆమోదం తీసుకోవాలి. గడువు ముగిశాక మిగిలిన ప్రతులు అమ్ముకోవడానికి కొన్ని నెలలు ఇస్తారు, ఆ తరువాత పుస్తకం మార్కెట్లో కనిపించకూడదు. వెస్ట్ ఎండ్ గేమ్స్ సంస్థ 1987లో స్టార్ వార్స్ రోల్‌ప్లేయింగ్ ఆటను తెచ్చి పదేళ్లకు పైగా నడిపింది. 1998లో దివాలా తీశాక లైసెన్సు చేజారింది. లోకం వెళ్లిపోయింది కానీ, ఆరు ముఖాల పాచికలతో వాళ్లు పెంచుకున్న సిస్టమ్ మాత్రం నిలిచింది, తరువాతి కాలంలో బహిరంగ లైసెన్సు కింద అందరికీ అందింది. ఇది తెలిసి ఉండడం వల్లే, నియమాల రాతనూ లోకం రాతనూ వేరు వేరు అధ్యాయాల్లో ఉంచాలని మొదటి వారంలోనే నిర్ణయించుకున్నాను. రేపు లోకాన్ని తిరిగి ఇచ్చేయాల్సి వచ్చినా, మేం రాసిన నియమాలు మా దగ్గరే ఉండాలి.

సంస్థలో అమ్మకాలు చూసే సహోద్యోగి మొదటి రోజే, ఈ ఆటల్లో అన్నిటికంటే పేరున్న డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ పేరు చెప్పారు. ఆవిడ వాదనను అప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు, ఇప్పుడూ తీసుకోను. "మనం ఎవరికీ కొత్తగా నేర్పనక్కర్లేదండి. ఆడేవాళ్లలో చాలామందికి ఆ నియమాలు ముందే వచ్చు. పుస్తకం కొన్న రోజే ఆట మొదలుపెడతారు" అన్నారు. వాడుకోవడానికి చట్టపరమైన చిక్కు కూడా లేదు. ఆ ఆటను ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 2000లో మూడో ఎడిషన్‌తో పాటు, దాని నియమాలను ఇతరులు వాడుకోనిచ్చే ఓపెన్ గేమ్ లైసెన్సును తెచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా ఎన్నో చిన్న సంస్థలు దాని నీడలోనే పుస్తకాలు వేసుకున్నాయి. 2023 జనవరిలో ఆ లైసెన్సును మార్చే ముసాయిదా బయటికి పొక్కగానే పెద్ద అలజడి రేగింది. ఆ నెలాఖరుకే సంస్థ వెనక్కి తగ్గి, అయిదో ఎడిషన్ మూల నియమాలున్న 5.1 సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్‌ను క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 లైసెన్సు కింద పెట్టింది. ఆ లైసెన్సును తిరిగి తీసేసుకోవడం కుదరదు. మూలం ఎవరిదో పుస్తకంలో చెబితే చాలు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు.

అందుకే మొదటి ప్రయోగం దానితోనే చేశాం. కాపలావాడు చచ్చిపోయింది ఆ ఆటలోనే.

ఎందుకు పొసగలేదో తరువాతి వారమంతా కూర్చుని ఆలోచించాను. ఆ సిస్టమ్‌లో లోపం ఉందని నేను అనను. సాహసవీరులు ప్రమాదంలోకి దిగి, పోరాడి, బలం పెంచుకుని బయటికి వచ్చే కథకు అది చాలా చక్కగా అమరుతుంది. మా కథలో బలం పెరగదు, బాధ్యత పెరుగుతుంది. ఇంకో చిక్కు పాచికలోనే ఉంది. ఇరవై ముఖాల పాచికలో ప్రతి అంకె పడే అవకాశం సరిగ్గా 5 శాతం. ఒక పనికి 15 రావాలనుకుందాం. పడిన అంకెకు తన నైపుణ్యం కింద 7 కలుపుకునే ఆరితేరిన పడవ మనిషి 65 శాతం సార్లు గెలుస్తాడు. 2 కలుపుకునే కొత్తవాడు 40 శాతం సార్లు గెలుస్తాడు. నలభై ఏళ్లు ఏరు దాటినవాడికీ నిన్న తెడ్డు పట్టినవాడికీ మధ్య తేడా అంతేనా? నవలల్లో ముసలి పడవ మనిషి ఏరు దాటించగలడా అన్న ప్రశ్నే ఎప్పుడూ రాదు. దాటిస్తాడా, అందుకు బదులుగా ఏమి అడుగుతాడు అన్నదే అక్కడ ప్రశ్న.

అప్పుడు ఒక పని చేశాను. పది వారాల్లో నేను చేసిన పనుల్లో అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది అదే. మూడు నవలలనూ మళ్లీ మొదటి నుంచి చదువుతూ, పాత్రలు ఓడిపోయిన ప్రతి సందర్భాన్నీ ఒక పట్టికలో రాశాను. గెలుపులు రాయలేదు. గెలుపులు ఏ కథలో చూసినా దాదాపు ఒకేలా ఉంటాయి: పని జరుగుతుంది, కథ కదులుతుంది. ఒక కథ దేనికి విలువ ఇస్తుందో ఓటమిలోనే తెలుస్తుంది. ఎవరు ఏమి చేయబోయారు, ఎందుకు కుదరలేదు, ఓడిపోయినందుకు ఏమి పోయింది అని మూడు గడులు గీసుకున్నాను. మూడో గడి నింపుతుంటే నా కళ్లు తెరుచుకున్నాయి. దెబ్బ తగిలి పడిపోవడం మూడు సంపుటాల్లో కలిపి నాలుగు సార్లే ఉంది. దారి తప్పడం, వస్తువులు పోవడం కొన్ని సార్లు. మిగిలిన పేజీలన్నీ ఒకటే బాధ: ఎవరికో ఇచ్చిన మాట చెల్లించలేకపోవడం. ఇద్దరికి ఇచ్చిన రెండు మాటలు ఒకదానికొకటి అడ్డుపడి, ఒకటి నిలబెట్టడానికి ఇంకొకటి తప్పాల్సి రావడం. ఆ పట్టికను చూశాక హిట్ పాయింట్ల కోసం, అంటే దెబ్బ తగిలితే తరిగే పాయింట్ల కోసం, కేటాయించిన గడి మా పాత్ర కాగితంలో ఎందుకుండాలో నాకే అర్థం కాలేదు.

ఇతరులు ఇదే పనిని ఎలా చేశారో చూడడానికి పాత లైసెన్సు ఆటలను ముందేసుకున్నాను. ఈ భాగం గురించి ఎంతసేపైనా చెప్పగలను. టోల్కీన్ నవలల్లోని మిడిల్ ఎర్త్ లోకాన్నే తీసుకోండి. 1984లో ఐరన్ క్రౌన్ ఎంటర్‌ప్రైజెస్ తెచ్చిన ఆట, రోల్‌మాస్టర్ అనే తమ పెద్ద సిస్టమ్‌ను కుదించి వాడింది. దెబ్బ ఎక్కడ తగిలిందో, ఏ ఎముక విరిగిందో చెప్పే పట్టికలకు అది పేరు పొందింది. 2011లో వచ్చిన ద వన్ రింగ్ ఆటలో ప్రయాణానికే ప్రత్యేకమైన నియమాలు ఉన్నాయి. ఆశకు ఒక అంకె, మనసును కమ్ముకునే నీడకు ఒక అంకె ఉన్నాయి. మూలం ఒకటే, చదివిన తీరు వేరు. స్టార్ వార్స్ కూడా అంతే. 1987 నాటి ఆటలో ఆరు ముఖాల పాచికలు గుప్పెడు తీసి విసరడమే వేగం. 2000లో విజార్డ్స్ దాన్ని ఇరవై ముఖాల పాచిక మీదికి తెచ్చింది. ఆ తరువాత ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ అంకెలకు బదులు గుర్తులున్న ప్రత్యేక పాచికలు చేసింది. వాటిలో గెలుపు ఓటములు ఒక లెక్క, అనుకోని మేలూ కీడూ ఇంకో లెక్క. తాళం తెరుచుకోకపోయినా, ఆ పెనుగులాటలోనే ఏదో ఒక మంచి జరగవచ్చు.

నన్ను అన్నిటికంటే పట్టి కుదిపింది, సూపర్‌మ్యాన్ యవ్వనం గురించిన టీవీ సీరియల్ మీద వచ్చిన 2010 నాటి స్మాల్‌విల్ ఆట. మహా బలవంతుడు ఒకడు, మామూలు మనుషులు కొందరు కలిసి ఉండే కథ అది. బలానికి అంకె వేస్తే మామూలు మనుషులను ఆడేవాళ్లకు చేయడానికి ఏమీ మిగలదు. అందుకని దాన్ని రాసినవాళ్లు బలాన్ని వెనక్కి నెట్టి, ప్రేమ, న్యాయం, సత్యం, కర్తవ్యం లాంటి విలువలకూ పాత్రల మధ్య ఉండే బంధాలకూ పాచికలు ఇచ్చారు. నీ చేతిలో ఎంత బలం ఉంది అని కాకుండా, ఈ పని ఎవరి కోసం చేస్తున్నావు అని ఆ ఆట అడుగుతుంది. అది చదివిన రోజు నిద్రపట్టలేదు. లైసెన్సు ఆటకు నియమాలు ఎంచుకోవడమంటే ఆ పుస్తకానికి వ్యాఖ్యానం రాయడమేనని అప్పుడు గట్టిగా అనిపించింది.

రెండో ప్రయోగం శాతాల పద్ధతితో చేశాం. కేయోసియం సంస్థ 1978లో రూన్‌క్వెస్ట్‌తో మొదలుపెట్టి, 1981లో కాల్ ఆఫ్ క్తుల్హు అనే భయానక ఆటకు వాడిన బేసిక్ రోల్‌ప్లేయింగ్ సిస్టమ్ అది. నైపుణ్యం 60 అని రాసి ఉంటే నూటికి అరవై సార్లు గెలుస్తావని అర్థం. ఎప్పుడూ పాచిక పట్టని పాఠకులకు కూడా ఒక్క వాక్యంలో చెప్పేయవచ్చు. మా నవలలు చదివి వచ్చే వాళ్లలో అలాంటివాళ్లే ఎక్కువ ఉంటారు కనుక ఈ సిస్టమ్ మీద నాకు చాలా ఆశ ఉండేది. కాల్ ఆఫ్ క్తుల్హులో మతిస్థిమితానికి ఒక అంకె ఉండి, భయంకరమైనవి చూసినకొద్దీ అది తరిగిపోతుంది. ఆ గడి స్థానంలో "మాట విలువ" అని పెట్టి చూశాను. రెండు ఆటల్లోనే తేలిపోయింది. తరిగిపోయే అంకె ఆడేవాళ్లలో దిగులు పుట్టించింది. అందరూ అంకెను కాపాడుకోవడానికి అసలు మాట ఇవ్వడమే మానేశారు. మా నవలల్లో మనుషులు భయపడుతూనే మాట ఇస్తారు. ఇవ్వకుండా ఉండలేరు.

ఫేట్ సిస్టమ్‌తో చేసిన ప్రయోగం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పాత్ర గురించిన ముఖ్యమైన విషయాలను చిన్న వాక్యాలుగా రాసుకుని, అవసరమైనప్పుడు వాటిని పిలుచుకునే పద్ధతి అందులో ఉంది. ఇచ్చిన మాటలను అలాంటి వాక్యాలుగా రాసుకుంటే చాలని ముందు అనుకున్నాను. కానీ ఆడేవాళ్లు పాత్ర లోపల ఉండి బాధపడటం తగ్గించి, పైనుంచి కథను అల్లడం మొదలుపెట్టారు. కొన్ని లోకాలకు అది అందంగా ఉంటుంది. మాకు దూరం పెంచింది.

అపోకలిప్స్ వరల్డ్ ఆట 2010లో తెచ్చిన పద్ధతి దగ్గర మాత్రం చాలా రోజులు ఆగాను. ఆరు ముఖాల పాచికలు రెండు వేస్తారు. మొత్తం 10 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే పూర్తి గెలుపు. 7 నుంచి 9 మధ్య వస్తే పని జరుగుతుంది, కానీ ఏదో ఒకటి చెల్లించాలి. 6 లేదా తక్కువ వస్తే గేమ్ మాస్టర్ చేతికి పగ్గాలు వెళతాయి. పాత్రకు 1 కలిపే యోగ్యత ఉంటే, దాదాపు 44 శాతం సార్లు ఆ మధ్య ఫలితమే వస్తుంది. అంటే కథ ఎక్కువగా "అవును, కానీ" దగ్గరే తిరుగుతుంది. నా ఓటముల పట్టికలో సగం పేజీలు ఆ "కానీ" కిందికే వస్తాయి. ఈ పద్ధతిని అనుసరించి ఎవరైనా ఆట రాసుకోవచ్చు. ఆట నడిచే పద్ధతికి సాధారణంగా కాపీరైట్ వర్తించదు, దాన్ని వివరించిన వాక్యాలకే వర్తిస్తుంది. కాబట్టి సొంత వాక్యాలతో రాసి ఒక ముసాయిదా సిద్ధం చేశాను. అమ్మకాల సహోద్యోగి కూడా రెండు ఆటలు ఆడి, "ఇది బాగుంది" అన్నారు. దాదాపు తేలిపోయిందనే అనుకున్నాను.

ఏడో వారంలో నవలల రచయిత్రి గారు ఒక ప్రయోగ ఆటకు వచ్చారు. ఆవిడ ఇలాంటి ఆటలు ఎప్పుడూ ఆడలేదు. పక్కన కుర్చీలో కూర్చుని మూడు గంటలు మాట్లాడకుండా చూశారు. ఆట ముగిశాక అందరినీ మెచ్చుకుని, నన్ను ఒక్క ప్రశ్న అడిగారు: "ఆ అబ్బాయి వైద్యుడికి మందు తెస్తానన్నాడు కదా. అది తేకపోతే ఏమవుతుంది?"

గేమ్ మాస్టర్ చూసుకుంటారని చెప్పాను.

"గేమ్ మాస్టర్ మరిచిపోతే?"

నా దగ్గర జవాబు లేదు. ముసాయిదాలో మధ్య ఫలితం వచ్చిన ప్రతిసారీ చెల్లింపులు ఉన్నాయి. కానీ అవి అప్పటికప్పుడు ముగిసిపోతున్నాయి. చేతిలోని వస్తువు పోతుంది, సమయం పోతుంది, ఎవరో చూసేస్తారు. నవలల్లో చెల్లింపు అప్పటికప్పుడు జరగదు, వెంట వస్తుంది. వంద పేజీల తరువాత, అన్నిటికంటే అననుకూలమైన క్షణంలో తలుపు తడుతుంది. నేను ఓటమిని సరిగ్గానే చదివాను, దాని కాలాన్ని మాత్రం చదవలేదు.

మూడు వారాలే మిగిలాయి. అప్పటికి నా బల్ల మీద ఒక పక్కగా పెట్టి ఉంచిన ఇంకో సిస్టమ్ ఉంది. స్వీడన్‌కు చెందిన ఫ్రీ లీగ్ సంస్థ వాడే ఇయర్ జీరో ఇంజిన్. ఇతరులు దాన్ని వాడుకోవడానికి ఆ సంస్థ ఉచిత లైసెన్సు కూడా ఇస్తోంది. పాత్ర యోగ్యతను బట్టి ఆరు ముఖాల పాచికలు కొన్ని వేస్తారు. ఒక్క ఆరు పడినా గెలిచినట్టే. పడకపోతే ఇంకోసారి వేయవచ్చు, కానీ ఊరికే కాదు, దానికి ఒక మూల్యం ఉంటుంది. 2019లో వచ్చిన ఏలియన్ ఆటలో ఆ మూల్యం ఒత్తిడి: మళ్లీ వేసినప్పుడల్లా ఒక ఒత్తిడి పాచిక చేరుతుంది, దానిమీద 1 పడితే పాత్ర బెదిరిపోవచ్చు. అంతరిక్షంలో భయం కథకు అంతకంటే సరైన మూల్యం ఉండదు. నేను దాన్ని నెల క్రితమే చదివి, మాది భయం కథ కాదని పక్కన పెట్టేశాను. రచయిత్రి గారి ప్రశ్న తరువాత మళ్లీ తెరిచాను. ఈసారి ఒత్తిడి పాచికను చూడలేదు. మళ్లీ వేయడానికి ఏమి ఇస్తావు అన్న ఖాళీ చోటును చూశాను.

మాట ఇస్తే?

పాచికలు వేశావు, ఓడిపోయావు. కాపలావాడు కదలడు. ఇప్పుడు అతనికి ఒక మాట ఇవ్వు, మళ్లీ వేయి. ఆ మాటను ఒక కార్డు మీద రాయి: ఎవరికి, ఏమిటి, ఎప్పటిలోగా. ఆ కార్డు చెల్లించేవరకు నీ ముందే బల్ల మీద ఉంటుంది. గేమ్ మాస్టర్ మరిచిపోయినా కార్డు మరిచిపోదు.

లెక్క వేసి చూశాను. మూడు పాచికలతో ఒక్క ఆరైనా పడే అవకాశం 42 శాతం. మాట ఇచ్చి ఆ మూడూ మళ్లీ వేస్తే మొత్తం మీద 66 శాతం దాటుతుంది. రెండు పాచికలే ఉన్న బలహీనుడికి 31 నుంచి 52 దాకా పెరుగుతుంది. అంటే మాట ఇవ్వని పాత్ర ఎక్కువసార్లు ఓడిపోతుంది, ఇచ్చిన పాత్ర ఎక్కువసార్లు దాటుతుంది, దాటిన ప్రతిసారీ బరువు పెరుగుతుంది. నవలల్లో జరిగేది అచ్చంగా ఇదే. ఈ అంకెలు కాగితం మీద పడ్డప్పుడు నాకు కలిగిన ఆనందం చాలాకాలం గుర్తుంటుంది.

ఆట బల్ల మీదికి వచ్చాక లోపాలు బయటపడ్డాయి. మొదటి ఆటలో ఒకరు పదకొండు మాటలు పోగేశారు. ఎవరు కనిపించినా మాట, ఏది కావాలన్నా మాట. దాంతో మాట చవకైపోయింది. ఒక్కొక్కరి ముందు మూడు కార్డులకు మించి ఉండకూడదని పరిమితి పెట్టాం. తరువాతి ఆటలో "ఎప్పుడో ఒకప్పుడు నీకు సాయపడతాను" లాంటి మాటలు వచ్చాయి. వాటిని తప్పడం ఎవరికీ సాధ్యం కాదు కాబట్టి వాటికి బరువూ లేదు. చేయాల్సిన పని స్పష్టంగా ఉండాలని, గడువు తప్పనిసరి అని రాశాం. మూడో ఆటలో అసలైన మలుపు వచ్చింది. ఒక పాత్ర ఇచ్చిన మాటను ఆ పాత్ర జబ్బు పడితే ఇంకొకరు చెల్లించవచ్చా అని అడిగారు. నవలల్లో బృందమంతా అలాగే నడుచుకుంటుంది, ఒకరి మాట అందరి మాట. అందుకని ఎవరైనా చెల్లించవచ్చని, అయితే తప్పితే ఆ ప్రాంతంలో బృందం మొత్తానికీ ఒక పాచిక తగ్గుతుందని నియమం పెట్టాం. ఆ మార్పుతో బల్ల చుట్టూ సంభాషణే మారిపోయింది. ఎవరైనా కార్డు అందుకోబోతుంటే మిగతావాళ్లు ముందుకు వంగి, "ఆగు, అది మనం చేయగలమా?" అని అడగడం మొదలుపెట్టారు. నవల చదువుతూ పాఠకుడు అడిగే ప్రశ్న అదే.

పోరాటాన్ని ఏం చేశారని అందరూ అడుగుతారు. ఒక్క పేజీలో ముగించాం. కత్తి తీస్తే గెలవవచ్చు, కానీ ఎదుటివాడికి, వాడి వాళ్లకు ఇక మాట ఇచ్చే వీలుండదు. అంతకుమించి నియమం అవసరం పడలేదు.

సిఫారసు పత్రం రాసే ముందు అమ్మకాల సహోద్యోగితో మళ్లీ కూర్చున్నాను. ఆవిడ సందేహాలు న్యాయమైనవి. అయిదో ఎడిషన్ వచ్చినవాళ్లు ఇందులో తెలిసినదేమీ చూడరు. నిజమే. దానికి నా జవాబు, మా పుస్తకం కొనే వాళ్లలో నవలల పాఠకులే ఎక్కువని, వాళ్లకు ఇరవై ముఖాల పాచిక కూడా కొత్తదేనని. మామూలు ఆరు ముఖాల పాచికలు ఏ ఇంట్లోనైనా దొరుకుతాయి, నియమాలన్నీ నలభై పేజీల్లోపే ఉన్నాయి. ఆవిడ ఒక షరతు పెట్టారు: మొదటి నాలుగు పేజీలు చదివి, ఆటలు ఎరగని మనిషి గంటలోపు ఆడడం మొదలుపెట్టగలగాలి. ఆ షరతు ఆటను నిజంగా మెరుగుపరిచింది. ముందుమాటను మూడుసార్లు తిరగరాశాను. ఇయర్ జీరో ఇంజిన్ లైసెన్సును కూడా అక్షరం అక్షరం చదివి, మూలం ఎవరిదో ఎక్కడ ఎలా పేర్కొనాలో చూసుకుని, అది మా నవలల ఒప్పందంలో ఏ షరతుకూ అడ్డురాదని న్యాయవాదితో నిర్ధారించుకున్నాం. ఎంచుకున్న సిస్టమ్ లైసెన్సు ఒకటి, అద్దెకు తెచ్చుకున్న లోకం లైసెన్సు ఇంకొకటి. రెండూ ఒకే పుస్తకంలో ఇమడాలి. ఇది చివర్లో చూసుకునే పని కాదు. నేను ఏడో వారంలో కాకుండా రెండో వారంలోనే చేసి ఉండాల్సింది.

చివరి ప్రయోగ ఆటకు, మొదటిసారి కాపలావాణ్ణి చంపిన మిత్రుణ్ణే మళ్లీ పిలిచాను. అదే అమ్మాయి, అదే వంతెన. పాచికలు వేశాడు, ఒక్క ఆరూ పడలేదు. కత్తి గడి కాగితంలో ఇప్పుడు లేదు. అతను చాలాసేపు కార్డు కట్ట వైపు చూశాడు. తరువాత గేమ్ మాస్టర్‌ను, "ఈ కాపలావాడికి ఏం కావాలి?" అని అడిగాడు. మొదటి ఆటలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

సిఫారసు పత్రం, మాదిరి ఆట, నియమాల ముసాయిదా కలిపి పదో వారం చివర్లో పంపాం. పన్నెండు రోజులకు ఆమోదం వచ్చింది. రచయిత్రి గారు ఒకే ఒక సవరణ కోరారు. ఉదాహరణలో మేం "కాపలావాడికి మాట ఇచ్చింది" అని రాశాం. ఆవిడ ఆ పదం కింద గీత గీసి, పక్కన పెన్సిలుతో రాశారు: "ఇతనికి పేరు పెట్టండి. పేరు తెలియని మనిషికి ఎవరూ మాట ఇవ్వరు." ఆ రెండో వాక్యాన్ని ఆవిడ అనుమతితో నియమాల అధ్యాయంలోకి మార్చాం. ఇప్పుడు ఆటలో ఎవరికైనా మాట ఇవ్వాలంటే కార్డు మీద ముందుగా రాయాల్సింది ఆ మనిషి పేరు. పేరు తెలియకపోతే, పాచికలు ముట్టుకోకముందే అడిగి తెలుసుకోవాలి.